పైడినాయుడి నడక ఎవరి వాటా?

మీ అన్నం మీ తమ్ముడు తింటే మీ కడుపు నిండుతుందా? నవ్వడం కాదు, జవాబు చెప్పండి. గుమ్మలపాడు పైడినాయుడి ఇంట్లో మాత్రం నిండుతుంది!

"ఊళ్ళో ఎవరి తెలివి వాళ్ళదే. మా ఇంట్లో తెలివి కూడా ఉమ్మడే!" అని మీసం దువ్వేవాడు పైడినాయుడు. ఎవరి మీద పని పడినా అందరూ పంచుకోవాలి, అదీ ఆ ఇంటి కట్టుబాటు.

ఆయనకి అరుగు ఎక్కినా ఆయాసమే. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి కళ్ళెర్రజేసింది. "షుగరు బాగా ఉంది. రోజూ చెమట పట్టేలా నడవాలి, తిండి తగ్గాలి. నెల చూస్తాను. లేదంటే రోజూ సూదే!"

సూది మాటకే పైడినాయుడికి ముచ్చెమటలు పోశాయి. ఇంకేముంది, ఇంటికి రాగానే పంపకాలు.

"నడక నాకిచ్చెయ్ అన్నయ్యా" అన్నాడు తమ్ముడు గంగులు.

"తిండి తగ్గించడం నేను చూసుకుంటాను" అంది భార్య కొండమ్మ.

"మరి నాకో?"

"మీకు జబ్బుంది కదండీ. అందులో మేం వాటా అడుగుతామా?"

అంతే. గంగులు రోజూ కాలవగట్టంతా నడిచాడు. కొండమ్మ సగమే తింది. మిగిలింది పారేస్తే పాపమని పైడినాయుడు తిన్నాడు. గంగులు తిరిగొచ్చేసరికి, "ఇవాళ తెగ నడిచాంరా!" అని అన్నయ్యే కాళ్ళు పట్టించుకునేవాడు కూడా.

నెల తిరిగింది. గంగులుకి ఎన్నాళ్ళుగానో ఉన్న మోకాళ్ళ నొప్పి పోయింది, పడుకుంటే చాలు నిద్ర. కొండమ్మ మెట్లు గబగబా ఎక్కేస్తోంది. "మనింట్లో జబ్బు పోయింది!" అని పైడినాయుడు సున్నుండలు చేయించి, అందరి తరఫునా తనే తిన్నాడు.

ఆస్పత్రిలో గంగులు చెయ్యి చాపాడు. "నడిచింది నేనే కదమ్మా, నా రక్తం చూడండి."

డాక్టరమ్మ తల పట్టుకుని పైడినాయుడి రక్తమే తీయించింది. షుగరు ఇంకా పెరిగింది. సూది బయటికొచ్చింది.

"ఆగండమ్మా, తలో పోటూ పంచుకుంటాం!" అని మరదీ వదినా చేతులు చాపారు.

"ఎవరి ఒళ్ళు వాళ్ళదే! నడకైనా, సూదైనా!" అని ఆవిడ అరిచింది.

ఆ మాట పూర్తికాకుండానే పైడినాయుడు బల్ల దూకి వీధిలో పడ్డాడు. కాసేపు పరుగు, ఆనక నడక. ఒళ్ళంతా చెమట. గాలి తగిలి హాయిగా ఉంది. 'ఓరినీ! ఇన్నాళ్ళూ ఇదంతా గంగులొక్కడే అనుభవించాడా?' అనుకున్నాడు.

"మంచిదే, నడవనివ్వండి!" అంటోంది గుమ్మంలో డాక్టరమ్మ.

వింటేగా! "అన్నయ్యా, అది నా వాటా!" అంటూ గంగులు వెంటపడ్డాడు. వెనకే కొండమ్మ. ఇద్దరూ పట్టుకుని, భుజాల మీదికెత్తి తెచ్చి బల్ల మీద పడేశారు.

"ఇదిగోండమ్మా! తిరుగుదారిలో ఒక్క అడుగు వెయ్యనిస్తే ఒట్టు!"

మీ ఇంట్లో ఎవరైనా లేచి నడుస్తుంటే మాత్రం మోసుకురాకండి. అసలు కథ అయిపోయాక కూడా ఇంకా కూర్చున్నారేం? లేవండి! మీ నడక మీరే నడవండి.