కుంభహంస ఎదుర్కోలు

వానలు వెనకబట్టి ఆకాశం తేటపడే ఆశ్వయుజంలో, సముద్రానికి దగ్గరగా పరచుకున్న ఆ సరస్సులో పిట్టలన్నీ మెడలెత్తి ఉత్తరానికే చూస్తూ ఉండేవి. అక్కడ మంచు పడటం మొదలైందంటే బాతులూ చిలువబాతులూ ఉల్లంకిపిట్టలూ గుంపులు కట్టి ఇటు దిగుతాయి. వాటిలో మొదటి అతిథిని ఎవరు ముందు చూసి కేకేస్తే వారిదే తొలిచూపు. తొలిచూపు దక్కినవారు సరస్సు నడుమనున్న దిబ్బ మీద ఎండలు ముదిరేదాకా నిలబడవచ్చు. ఆ దిబ్బ చుట్టూ నీళ్లు పలచన. చేపలు వాటంతట అవే వచ్చి కాళ్లకు తగులుతాయి.

ఊరికే కాదు లెండి. తొలిచూపు పొందినవారు తామే ఎదురెళ్లి, మెడ నీళ్లకు ఆనించి, అతిథిని దిబ్బ దాకా తోడుకుని రావాలి. దాన్ని ఎదుర్కోలు అంటారు. మనుషులు పెళ్లిళ్లలో చేసే ఎదుర్కోలు పిట్టల దగ్గర నేర్చుకున్నదేనని సరస్సులో పెద్దలు చెబుతారు. మన పెళ్లిళ్లలో కాఫీ చల్లారిందని మగపెళ్లివారు అలిగి కూర్చోవడం చూసిన పిట్టలు మాత్రం ఆ మాట ఒప్పుకోవు.

కొన్నేళ్లుగా ఆ దిబ్బ నారాయణపక్షి అనే కొంగది. బూడిదరంగు ఒళ్లు, పొడుగు మెడ, నెత్తి మీద వెనక్కి వాలిన నల్ల పిలక. ఒంటికాలి మీద కళ్లు అరమోడ్చి నిలబడితే జపం చేసుకుంటున్నాడని అందరూ అనుకునేవారు. చేపలు కూడా అలాగే అనుకునేవి, పాపం. ఏటా తొలిచూపు ఆయనకే దక్కేది. ఎలాగంటే, ఆయన చూసిన పక్షులన్నీ ఆయన ఒక్కడే ఉన్నప్పుడు వచ్చి, రెండో పిట్ట కళ్లు తెరిచేలోగా వెళ్లిపోయేవి.

ఈ ఏడు ఆ సుఖానికి అడ్డు వచ్చింది నీటికాకి. అది తడిసిన నల్లకోటు ఆరేసుకుంటున్న ప్లీడరులా రెక్కలు చాచి, దిబ్బ ఎదుట కొయ్య మీద కూర్చుని అడిగింది.

"నారాయణ మామా, పోయినేడు నువ్వు చూసింది ఏ పక్షి?"

"ఎర్రముక్కు రాయంచ."

"అంతకు ముందేడు?"

"బంగారు కళ్ల చిలువబాతు."

"అవి మాకెందుకు కనబడలేదు?"

"మీరు లేచేసరికి వెళ్లిపోయాయిరా అబ్బీ. పెద్దింటి పక్షులు పొద్దెక్కేదాకా ఉంటాయా?"

గట్టు మీద నుంచి తీతువు అందుకుంది. "నేను నిద్రపోయేదెప్పుడు మామా? నేల మీద గుడ్లు పెట్టుకుని బతికేదాన్ని. నక్క భయానికి కన్నే మూయను. మరి నాకూ కనబడలేదేం?"

"నీ వల్లే వెళ్లిపోయాయి. పొద్దున్నే నీ గొంతు వింటే ఎవరుంటారు?"

పిట్టలు నవ్వాయి. తీతువు అరుపు అపశకునమని మనుషులు అనుకోవడం ఎలాగో పిట్టలకూ తెలిసిపోయింది. పాపం అది అరిచేది గట్టు మీద ఎవరో వస్తున్నారని. వచ్చేవాడి చేతిలో వల ఉంటే అది తీతువు తప్పవుతుందా? కానీ లోకం తీరు అది. దాని గొడవ ఇప్పుడెందుకు.

నవ్వులయ్యాక నీటికాకి అంది: "ఈ ఏడు మాత్రం చూసినదాన్ని మాకూ చూపించాలి మామా. ఎదుర్కోలు మా కళ్లముందే జరగాలి. అందరం అనుకున్నాం."

నారాయణపక్షి సరేనని తలూపి దిబ్బ దిగాడు. ఆయనకు మోకాళ్లు పట్టేస్తున్నాయి. చూపు కూడా మునుపటిది కాదు, అది ఆయన ఎవరికీ చెప్పలేదు. దిబ్బ పోతే లోతు నీళ్లలో చేపల వెంట పరుగెత్తలేడు. ఇక మిగిలేది గట్టువార గేదెల కాళ్ల మధ్య పసులకొంగలతో కలిసి మిడతలు ఏరుకోవడం. ఇన్నాళ్లూ వాటిని చూసి మెడ తిప్పుకున్నవాడు, వాటితో పంక్తిలో కూర్చోవాలి.

ఆ దిగులుతో ఆయన గట్టుకు వస్తే, మొగలిపొదల దగ్గర నక్క ఎదురైంది.

"అల్లుడుగారూ, ఏమిటి మెడ అలా జారేశారు?"

"ఏం లేదత్తా. అతిథులు ఆలస్యం చేస్తున్నారు."

"ఆలస్యమేమిటి? ఆ తుంగ అంచున తేలుతోందే, అది అతిథి కాదా? నాకు నాలుగుకాళ్ల సంగతులు తప్ప పిట్టల సంగతి తెలియదు. మీలాంటి తెలిసినవారు చూసి చెప్పాలి."

ఆ తేలేదేమిటో నక్కకు బాగా తెలుసు. తెల్లవారుతూనే ఒక వేటగాడు మొగలిపొద చాటున మూట విప్పి, మసిబారిన కుండకు రెండు కంతలు చేసి, నెత్తిన బోర్లించుకుని, మెడదాకా మునిగేలా గొంతుక్కూర్చుని నీళ్లలో జరగడం మొదలెట్టాడు. కుండ తేలుతోందనుకుని బాతులు దగ్గరికొస్తాయి, వాడు నీళ్లలోంచి కాళ్లు పట్టి లాగుతాడు. పట్టిన పిట్టను గట్టు మీదే కోస్తాడు. పేగులు నక్కవి. ఈ రుచి మరిగినదానికి ఏ పిట్టయితేనేం.

నారాయణపక్షి కళ్లు చికిలించి చూశాడు. నల్లగా, గుండ్రంగా, మెడన్నదే లేకుండా ఏదో మెల్లగా కదులుతోంది. అలాంటి పక్షిని ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చూడలేదని ఒప్పుకోవడం ఆయన అలవాటు కాదు.

"ఓహో, ఇదా," అన్నాడు. "చాలా అరుదు."

"పేరేమిటి అల్లుడుగారూ?"

"కుంభహంస."

నక్క నవ్వు ఆపుకోలేక తోకలో ముఖం దాచుకుంది. "పేరు ఎంత బాగా కుదిరిందీ. మీరు కాకపోతే ఇంకెవరు చెప్పగలరు?"

నారాయణపక్షి దిబ్బ ఎక్కి తొలిచూపు కేకేశాడు. పిట్టలన్నీ పరుగున వచ్చాయి. ఈసారి నిజంగానే ఏదో కనబడుతోంది. నీటికాకి కూడా రెక్కలు ముడుచుకుని కూర్చుంది.

తీతువు మాత్రం ఊరుకోలేదు. "గాలి తూర్పు నుంచి వీస్తోంది. అది గాలికి ఎదురొస్తోందేమిటి మామా?"

"పిరికివి గాలివాటున పోతాయి. కుంభహంస గాలికి ఎదురే ఈదుతుంది."

"పక్షికి కళ్లు చెరోపక్క ఉంటాయి. దానికి రెండూ ఒకేవైపున్నాయి."

"గుడ్లగూబకు లేవా?"

"ముక్కేది?"

"నీళ్లలో. పాచి తింటోంది. తినేవాళ్ల నోటి వంక చూడటం మర్యాద కాదు."

"మామా, నీ కాళ్లకు దణ్ణం పెడతాను. అది కుండ."

నారాయణపక్షి అందరివైపూ తిరిగి నిట్టూర్చాడు. "విన్నారా? నేననేదీ అదేగా. కుంభమంటే కుండే. సంస్కృతం రానివాళ్లతో ఇదే బాధ."

పిట్టలు మళ్లీ నవ్వాయి. ఎవరిని చూసి నవ్వుతున్నాయో తెలియని నవ్వు అది. నారాయణపక్షి పిలక సర్దుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ తుంగవైపు సాగాడు. దగ్గరికెళ్లి, పొడుగు మెడ వంచి నీళ్లకు ఆనించి, "ఉత్తర దేశపు దొరా, తమకు స్వాగతం" అన్నాడు.

నీళ్లలోంచి రెండు చేతులు వచ్చి ఆయన కాళ్లు పట్టుకున్నాయి.

తీతువు అరుపుకు సరస్సంతా లేచిపోయింది. వేటగాడు పైకి లేచి కుండ తీసి, చేతిలో ఉన్నదాన్ని చూసి ముఖం చిట్లించాడు. అన్నీ ఎముకలే. కోస్తే కత్తికి శ్రమ తప్ప మిగిలేదేమీ లేదు. వాడికి ఇంకో ఆలోచన వచ్చింది. తుంగ పక్కన గుంజ పాతి, దానికి నారాయణపక్షి కాలు కట్టి, దీమంగా నిలబెట్టాడు. దీమమంటే తెలుసు కదా, తోటి పిట్టల్ని నమ్మించి వలలోకి దింపడానికి కట్టేసే పిట్ట. కొంగ నిమ్మళంగా నిలబడ్డచోట భయం లేదనుకుని పైనున్న గుంపులు దిగుతాయి. కొంగ చుట్టూ వల పరిచి, తాడు పట్టుకుని వాడు తుంగలో కూర్చున్నాడు.

నక్క మొగలిపొదలోంచి తొంగిచూసింది. "అల్లుడుగారూ, ఎదుర్కోలు బాగా జరిగిందా? ముడి కూడా వేసినట్టున్నారే."

"నువ్వే కదా అత్తా, పక్షి అన్నావు."

"నేనెప్పుడన్నాను? నాకు తెలియదన్నాను. తెలుసన్నది మీరు."

ఆయన మెడ తిప్పుకుని ఆకాశం వంక చూశాడు. అప్పుడు కనబడింది. ఉత్తరాన, మబ్బు అంచున, దారం తెగిన పూసల్లా ఒక గుంపు. నిజమైన బాతులు. అంత దూరం ఎగిరి అలసి, రెక్కలు బరువెక్కి, దిగడానికి చోటు వెతుక్కుంటున్నాయి. ఈ సరస్సులో ఈ ఏడు వాటిని అందరికన్నా ముందు చూసింది నారాయణపక్షే. ఆయన బతుకులో మొదటి నిజమైన తొలిచూపు అది.

కొంగను చూసి గుంపు ధైర్యంగా వల మీదికే వాలబోయింది. ఆయనకు వల గుర్తులేదు, కాలికున్న తాడు గుర్తులేదు. "నేనే ముందు చూశాను, తొలిచూపు నాదే, దిబ్బ నాదే" అని గొంతు చించుకుని అరిచాడు. బాతులు బెదిరి ఒక్కసారిగా పైకి లేచాయి. అవతల తీతువు ఎదురెళ్లి మెడ వంచి, వాటిని దిబ్బ దగ్గరికి తీసుకుపోయింది.

వేటగాడు తాడు విసిరికొట్టి లేచాడు. "దీమానికి కూడా పనికిరాని కొంగ" అని, కట్టు కోసి, మెడ పట్టి నీళ్లలోకి గిరాటేశాడు. ఆ పూట నక్కకు దక్కింది ఒక బూడిదరంగు ఈక.

సాయంత్రానికి నారాయణపక్షి కుంటుకుంటూ దిబ్బ దగ్గరికి వచ్చాడు. అలసిన బాతుల మధ్య తీతువు నిలబడి ఉంది. బతికి వచ్చినందుకు సంతోషమో, తీతువుకు ఒక మంచిమాటో ఆయన నోటి నుంచి వస్తాయని ఎదురుచూసినవాళ్లకు ఆయన సంగతి తెలియదన్నమాట.

"దిగమను దాన్ని," అన్నాడు. "ఆ బాతుల్ని ముందు చూసింది నేను."

"నిజమే మామా," అంది నీటికాకి. "ఎక్కణ్ణుంచి చూశావు?"

"ఆ గుంజ దగ్గర్నుంచి."

"అయితే ఆ గుంజ నీది. ఎండలు ముదిరేదాకా నిలబడు, ఎవరూ అడ్డం రారు."

అప్పటి నుంచి నారాయణపక్షి గట్టువార గేదెల మధ్యే ఉంటున్నాడు. మిడతలు ఏరుకుంటూ పసులకొంగలకు కుంభహంస కథ చెబుతుంటాడు: దానికి కింద రెండు చేతులుంటాయట, అది మరీ అరుదట.

చూడనివన్నీ చూశానని చెప్పేవాడికి, చివరికి ఎదుట ఉన్న కుండ కూడా కనబడదు.