బురద కడిగిన రోజు

అనగనగా ఒక అడవిలో, బురదమడుగు ఒడ్డున, ఒక పందుల కుటుంబం ఉండేది. తండ్రి పేరు గుట్టయ్య. తల్లి పేరు తుంగమ్మ. వాళ్లకు ముగ్గురు పిల్లలు. పందులకు దుంపలంటే ఎంత ఇష్టమో మీకు తెలుసుగా! అందుకే పిల్లలకు దుంపల పేర్లే పెట్టుకున్నారు. పెద్దవాడు కంద. రెండోవాడు చేమ. అందరికన్నా చిన్నది గెనుసు.

వీళ్ల తాతముత్తాతలు ఊళ్లో పుట్టినవాళ్లు. ఎప్పుడో తప్పించుకుని అడవికి వచ్చేశారు. అందుకని అడవిపందులకు ఉన్నట్టు వీళ్లకు దట్టమైన వెంట్రుకలు లేవు. గెనుసుకైతే మరీ పలుచన. దాని చర్మం లేత గులాబీ రంగులో ఉండేది. వెలుతురులో నిలబడితే చెవుల్లోని సన్నని నరాలు కూడా కనబడేవి.

అలాంటి ఒంటికి ఎండ పడదు. అందుకని తుంగమ్మ ఇంట్లో ఒక పద్ధతి పెట్టింది. వాళ్లుండే పొద దాటి బయటికి వెళ్లాలంటే ముందు బురదలో పొర్లాల్సిందే. వీపు, మెడ, పొట్ట, చెవుల వెనక, ఎక్కడా ఖాళీ ఉండకూడదు. దారిలో బురద ఎండి రాలిపోతే మళ్లీ పొర్లాలి. పిల్లలు గునిసేవాళ్లు. "అమ్మా, ఇక్కడికే కదా" అనేవాళ్లు. తుంగమ్మ వినేది కాదు.

ఎండాకాలం వచ్చింది. అడవికి అవతలి కొసన ఇప్పచెట్లు పూశాయి. తియ్యటి పూలు తెల్లవారేసరికి చెట్ల కింద పరుపులా రాలేవి. జింకలు, ఎలుగుబంట్లు, కుందేళ్లు, నెమళ్లు అన్నీ అక్కడికి చేరేవి. ఏడాదికోసారి అందరూ కలిసి తినే పండగ అది.

కానీ గుట్టయ్యకు ఆ చోటు తలుచుకుంటేనే ఒళ్లు మండేది. ఎందుకో చెబుతాను వినండి. పోయిన ఏడాది ఈ కుటుంబం బురద పూసుకుని అక్కడికి వెళ్లింది. చుక్కయ్య అనే దుప్పి వాళ్లను చూసి పకపకా నవ్వాడు.

"అదిగో, బురదగడ్డలు నడిచొస్తున్నాయి! పక్కకు జరగండి, మనకు అంటుకుంటుంది!" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. తుంగమ్మ పట్టించుకోకుండా పూలు తిన్నది. గుట్టయ్య ఒక్క పువ్వు కూడా తినలేకపోయాడు. ఆ నవ్వును అతను ఏడాదంతా మర్చిపోలేదు. ఈసారి ఆ దుప్పి నోరు మూయించాలని అతను పట్టుపట్టాడు.

ఈ ఏడాది చెట్టు కింద మంచి చోటు పట్టుకోవడానికి తుంగమ్మ తెల్లవారకముందే బయలుదేరింది. వెళ్తూ వెళ్తూ మొగుడికి గట్టిగా చెప్పింది.

"ఏమయ్యా, పిల్లలకు బాగా బురద పట్టించి తీసుకురా. వాగు దగ్గర ఆగి మళ్లీ పట్టించు. గెనుసు చెవుల వెనక మర్చిపోకు. మబ్బు పట్టినా సరే, మానొద్దు."

"నాకు తెలియదా? నువ్వు పద" అన్నాడు గుట్టయ్య.

తల్లి కనుమరుగు కాగానే అతను పిల్లల్ని లేపాడు. బురదమడుగు వైపు కాకుండా, ఊటనీళ్లు తేటగా ఊరే గుంట దగ్గరికి నడిపించాడు. ఒక్కొక్కరినీ నీళ్లలోకి దించి, ఆకులతో రుద్ది రుద్ది కడిగాడు. నిన్నటి బురద మరక కూడా మిగలకుండా కడిగాడు.

"నాన్నా, అమ్మ ఎప్పుడూ బురద పూసుకోమంటుంది కదా?" అని గెనుసు అడిగింది.

"ఈరోజు మబ్బుగా ఉందమ్మా. పైగా దగ్గరే. ఎండ ముదిరేలోపు చెట్ల కింద ఉంటాం. నలుగురిలోకి వెళ్తున్నాం, కాస్త శుభ్రంగా ఉండొద్దూ?" అన్నాడు గుట్టయ్య. తను కూడా మునిగి లేచాడు.

నలుగురూ బయలుదేరారు. వాగు చేరేసరికి మబ్బు పలచబడింది. పలచని మబ్బులోంచి కూడా ఎండ చురుక్కుమంటోంది. వాగు ఒడ్డున మెత్తటి బురద ఉంది. కంద, చేమ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తండ్రి నీళ్లు తాగుతుండగా చప్పుడు చేయకుండా బురదలోకి దిగి, చెవుల దాకా పొర్లి వచ్చారు.

గెనుసు మాత్రం తండ్రి దగ్గరికి వెళ్లింది.

"నాన్నా, నా వీపు చురచురమంటోంది. నేను కూడా పొర్లనా?"

గుట్టయ్య తల తిప్పి చూశాడు. పెద్దపిల్లలిద్దరూ నల్లగా నిగనిగలాడుతూ నిలబడి ఉన్నారు. అతనికి కోపం నషాళానికి అంటింది.

"వెధవల్లారా! అంతసేపు కష్టపడి కడిగితే మళ్లీ బురదలో దిగారా? నా కళ్ల ముందు నడవకండి. దూరంగా వెనకాల రండి!" అని అరిచాడు. తరువాత గెనుసు తల నిమిరాడు. "నువ్వే నా మాట వినే పిల్లవి. కాస్త ఓర్చుకో తల్లీ. నాతో పాటు ముందు నడువు."

నాన్న మెచ్చుకున్నాడు కదా అని గెనుసు ఇంకేమీ అనలేదు. పళ్లు బిగబట్టి నడిచింది.

వాగు దాటితే బండనేల. చెట్టు లేదు, పుట్ట లేదు. మబ్బు పూర్తిగా విడిపోయింది. పైనుంచి ఎండ, కిందనుంచి బండ సెగ. ముందు గెనుసు వీపు గులాబీ రంగు నుంచి ఎరుపుకు తిరిగింది. తరువాత చెవులు ఎర్రబడ్డాయి. నడుస్తూ నడుస్తూ అది మాట్లాడటం మానేసింది.

బండల మధ్య ఒక చిన్న గుంట ఉంది. అందులో ముసలి తాబేలవ్వ బురదలో సగం మునిగి పడుకుని ఉంది. పిల్లను చూడగానే తల బయటికి పెట్టింది.

"గుట్టయ్యా, ఆగు! ఆ పిల్ల కాలిపోతోంది, నీకు కనబడటం లేదా? నేను పక్కకు జరుగుతాను. దాన్ని కాసేపు ఈ గుంటలో దించు."

గుట్టయ్య ఆగాడు. పిల్లను చూశాడు. ఎదురుగా ఇప్పచెట్లు కనబడుతున్నాయి. ఇంకో రెండు వందల అడుగులు వేస్తే చేరిపోవచ్చు. ఇక్కడ బురదలో దిగితే పొద్దున్నుంచీ పడ్డ శ్రమంతా వృథా.

"నీ సలహా ఎవరడిగారు అవ్వా? నా పిల్లను ఎలా చూసుకోవాలో నాకు తెలుసు" అని కసురుకున్నాడు.

"నీకు తెలిసింది ఏమీ లేదు!" అని తాబేలవ్వ వెనకనుంచి అరిచింది. "నీ కళ్లు ఆ చెట్ల మీదే ఉన్నాయి. పిల్ల మీద లేవు!"

గుట్టయ్య వెనక్కి తిరగలేదు.

ఇప్పచెట్ల దగ్గర అప్పటికే అందరూ చేరారు. చుక్కయ్య తల ఎత్తి చూశాడు. నున్నగా మెరుస్తూ వస్తున్న గుట్టయ్యను, పక్కన ఎర్రగా ఉన్న పిల్లను చూసి కళ్లు విప్పార్చాడు.

"అబ్బో! గుట్టయ్యేనా? ఎంత శుభ్రంగా ఉన్నావయ్యా! ఇప్పుడు మా పక్కన కూర్చోవచ్చు, రా!" అన్నాడు.

ఆ మాట కోసమే గుట్టయ్య ఏడాది ఎదురుచూశాడు. ఛాతీ విరుచుకుని ఒక అడుగు ముందుకు వేశాడు.

పక్కన దబ్బున చప్పుడైంది.

గెనుసు కింద పడిపోయింది. కాళ్లు కొట్టుకుంటున్నాయి. కళ్లు సగం మూతలు పడ్డాయి. వీపు మీద బొబ్బలు లేచాయి. చెవుల అంచులు ముడుచుకుపోయాయి. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది.

"గెనుసూ!"

తుంగమ్మ చెట్టు కిందనుంచి ఒక్క ఉరుకు ఉరికింది. పిల్లను ముట్టెతో నెట్టుకుంటూ నీడలోకి, అక్కడినుంచి రాతిసందులో ఊట చెమ్మ ఉన్న చోటికి చేర్చింది. చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా నోట్లో పోసింది. కంద, చేమ వెనకనుంచి పరుగెత్తుకుంటూ వచ్చారు. మోదుగ ఆకులు నీళ్లలో తడిపి తెచ్చి చెల్లెలి ఒంటి మీద కప్పారు. ఆకులు వేడెక్కితే తీసి మళ్లీ కొత్తవి తడిపి తెచ్చారు. చాలాసేపటికి గెనుసు ఊపిరి నెమ్మదించింది. కళ్లు తెరిచి "అమ్మా, మంట" అంది.

అప్పుడు తుంగమ్మ లేచి నిలబడింది. ఆమె మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నేరుగా చుక్కయ్య ముందుకు వెళ్లింది.

"నవ్వవేం? ఇప్పుడు నవ్వు!" అంది.

"నేనేం చేశాను తుంగమ్మా? పోయినసారి ఏదో సరదాకి అన్నాను" అని చుక్కయ్య గొణిగాడు.

"సరదానా? నీ ఒంటినిండా బొచ్చు ఉంది. నెమలికి ఈకలున్నాయి. తాబేలుకు డిప్ప ఉంది. నా పిల్లకు ఏముంది? బురద ఉంది. అదొక్కటే ఉంది! అది మా ఒంటికి పట్టిన మురికి అనుకున్నావా? మా ప్రాణం అది! నీకు అక్కర్లేనిది ఇంకొకరికి ఎందుకు కావాలో ఒక్కసారైనా అడిగావా? అడగలేదు. నవ్వావు!"

చుక్కయ్య తల దించుకున్నాడు. పోయిన ఏడాది నవ్వినవాళ్లలో ఒక్కరికీ తల ఎత్తే ధైర్యం లేకపోయింది. ఎవరూ పూలు ముట్టుకోలేదు.

తుంగమ్మ మొగుడి వైపు తిరిగింది. ఈసారి అరవలేదు. గొంతు తగ్గించి మాట్లాడింది. అది అరుపుకన్నా ఎక్కువ భయపెట్టింది.

"వాడు బయటివాడు. నవ్వాడు, పోయాడు. నువ్వు తండ్రివి. అది నిన్ను అడగలేదా?"

"అడిగింది" అన్నాడు గుట్టయ్య.

"ఎన్నిసార్లు?"

"పొద్దున ఒకసారి. వాగు దగ్గర ఒకసారి. బండల్లో అవ్వ కూడా చెప్పింది."

"మూడుసార్లు!" అంది తుంగమ్మ. "నీ మాట వినని ఇద్దరూ బాగున్నారు. నీ మాట విన్నది కాలిపోయింది. ఇక దాని ముందు నువ్వు ఏ మొహం పెట్టుకుని మాట చెబుతావయ్యా?"

గుట్టయ్య వెళ్లి మోదుగ ఆకులు తడపడం మొదలుపెట్టాడు.

మూడు రోజులు గెనుసు లేవలేకపోయింది. అందరూ ఆ రాతిసందు దగ్గరే ఉండిపోయారు. పక్కకు ఒత్తిగిలితే ఏడ్చేది. వీపు మీది చర్మం పొరలు పొరలుగా ఊడింది. కుడి చెవి కొస ఎండుటాకులా నల్లబడి రాలిపోయింది. అది మళ్లీ రాలేదు. ఆ మూడు రోజులూ గుట్టయ్య ఆకులు తెచ్చాడు, నీళ్లు తెచ్చాడు, తిండి తినలేదు. తుంగమ్మ అతనితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

చుక్కయ్య ఒకసారి ఇప్పపూల కొమ్మ నోట కరుచుకుని వచ్చాడు. దాన్ని దూరంగా పెట్టి, "తప్పయింది తుంగమ్మా" అన్నాడు.

"పూలు అక్కడ పెట్టు. పిల్ల తింటుంది" అంది తుంగమ్మ. "కానీ నీ తప్పు నువ్వు ఒప్పుకున్నంత మాత్రాన దాని చెవి రాదు. అది గుర్తుపెట్టుకుని పో."

నాలుగోరోజు పొద్దున గెనుసు లేచి నిలబడింది. తండ్రిని పిలిచింది.

"నాన్నా, నేను బురదతో ఉంటే నీకు సిగ్గా?"

గుట్టయ్య పిల్ల పక్కన కూలబడ్డాడు. "లేదమ్మా. వాళ్లు నవ్వితే నాకు కోపమొచ్చింది. ఆ కోపం వాళ్ల మీద చూపించలేక, నీ ఒంటి మీది బురద కడిగేశాను. తప్పు నాదే."

"నాకు నీ మీద కోపంగా ఉంది" అంది గెనుసు.

"ఉండనీ తల్లీ. అది న్యాయమైన కోపం."

ఇంటికి బయలుదేరే సమయమైంది. గుట్టయ్య ఊట చెమ్మలో మట్టి కలిపి మెత్తటి బురద చేశాడు. ముందు కందకు, తరువాత చేమకు పూశాడు. గెనుసుకు పూయడానికి చాలాసేపు పట్టింది. నొప్పి పుట్టకుండా, కొంచెం కొంచెంగా, మెడ కింద, మోకాళ్ల వెనక, కొస రాలిన చెవి వెనక కూడా పూశాడు. ఇంకా మానని చర్మం మీద మాత్రం బురద పెట్టకుండా తడి ఆకులు కప్పాడు. చుట్టూ చాలామంది చూస్తున్నారు. అతను ఎవరి వైపూ చూడలేదు.

"ఇక పదండి" అని లేచాడు.

"ఆగు" అంది తుంగమ్మ. మూడు రోజుల తరువాత అతనితో ఆమె అన్న మొదటి మాట అది. "నీ వీపు చూసుకున్నావా? అది కూడా కాలింది. అలాగే ఎండలోకి బయలుదేరతావా? బుద్ధి రాలేదా ఇంకా? కదలకుండా నిలబడు."

ముట్టెతో బురద తీసి అతని భుజం మీద గట్టిగా కొట్టింది. భుజం చురుక్కుమని గుట్టయ్య ఉలిక్కిపడ్డాడు. భయం భయంగా అడిగాడు.

"కోపం తగ్గిందా?"

"లేదు" అంది తుంగమ్మ. "అటు తిరుగు. ఆ పక్క ఇంకా పూయాలి."

నీతి: దగ్గరే కదా అనో, మబ్బు పట్టింది కదా అనో, ఎవరో నవ్వుతారనో ఎండలోకి కాపుదల లేకుండా వెళ్లకూడదు, మనల్ని నమ్మి వెంట నడిచే పిల్లల్ని అసలే తీసుకెళ్లకూడదు.