జకరయ్య తాత ఒంటిపన్ను, ద్రాక్ష ముడతలు

ఒకప్పుడు ఎండుద్రాక్షకి ముడతలుండేవి కావు. ఎంత ఎండలో పడేసినా గుండ్రంగా, నున్నగా, గోలీకాయలా ఉండేది. చీమలు దాని మీదికి ఎక్కబోయి జారిపడేవి. నవ్వకండి, చీమలకి అదేం నవ్వులాట కాదు.

ఆ రోజుల్లో సముద్రం పక్క ఊళ్ళో సలోమమ్మ అనే ఆవిడ ఉండేది. ప్రతి క్రిస్మస్‌కీ ద్రాక్షరొట్టె కాల్చేది. వాళ్ళ అత్తగారూ, ఆ అత్తగారి అత్తగారూ కాల్చిన రొట్టే. పిండిలో చెంబుడు నీళ్ళూ, తాటికల్లూ పోసి పొంగించాలి. ఎండుద్రాక్ష కలపాలి. పైన కత్తితో శిలువ గీత గీయాలి. గీత గీశాక రొట్టె కాలేదాకా ఆ పిండిని ఎవరూ ముట్టుకోకూడదు. ఇల్లు తగలబడినా ముట్టుకోకూడదు.

రొట్టెలో మొదటి ముక్క జకరయ్య తాతది. ఆయన సలోమమ్మ మామగారు. నోట్లో ఒక్కటే పన్ను. ఏడాదంతా గంజి తాగుతూ ఈ ముక్క కోసమే ఎదురుచూసేవాడు.

ఆ ఏడు సలోమమ్మ పిండి పిసుకుతూ పిల్లిని తిట్టింది. చాలా తిట్టింది. ఆ ధ్యాసలోనే గీత గీసేసింది, ఇసుక పోసిన డేగిసాలో రొట్టె పెట్టేసింది, మూత మీద నిప్పులు కూడా పోసేసింది. తీరా చూస్తే, పిండిలో పోయాల్సిన చెంబుడు నీళ్ళు గట్టు మీద అలాగే ఉన్నాయి.

"అయ్యో, నా మతి మండా! రొట్టె రాయైపోతుంది. మామయ్య పన్ను కాస్తా ఊడిపోతుంది!" అని గుండె బాదుకుంది. పిల్లి మాత్రం తీరిగ్గా కాలు నాక్కుంది.

డేగిసా లోపల పిండికి గొంతు ఎండిపోయింది.

"అమ్మలూ, తలా ఓ చుక్క నీళ్ళివ్వండర్రా," అని ద్రాక్షల్ని అడిగింది.

"ఇస్తే మా ఒళ్ళు ముడతలు పడదూ? ముడతలు పడ్డవాళ్ళని రొట్టెలో ఎవరు ఉండనిస్తారు? ఏరి కోళ్ళకి పడేస్తారు," అంది ఒక లావుపాటి ద్రాక్ష.

"పడేస్తారేమో," అంది పిండి. దానికి అబద్ధమాడడం రాదు.

అంతలో బయట తాత గొంతు వినిపించింది.

"అమ్మాయ్, అయిందా?" మళ్ళీ తనే అన్నాడు. "పోనీలే, తొందరేం లేదు. వచ్చే క్రిస్మస్‌కి ఉంటానో ఉండనో అని అడిగానంతే."



అడుగున ఉన్న చిన్న ద్రాక్షకి ఏడుపొచ్చింది. "నేనిస్తాను. పాపం కోళ్ళకి మాత్రం ఆకలెయ్యదా?" అని తన నీళ్ళన్నీ పిండికి ఇచ్చేసింది. దాన్ని చూసి పక్కది ఇచ్చింది. దాని పక్కదీ ఇచ్చింది. లావుపాటి ద్రాక్ష, "నేనూ ఇద్దామనే అనుకుంటున్నాను," అంటూ అందరికంటే ఆఖర్న ఇచ్చింది. ఎవరూ నమ్మలేదు.

రొట్టె దూదిలా వచ్చింది. సలోమమ్మ కోసి చూసి నోరెళ్ళబెట్టింది.

"అయ్యయ్యో, ద్రాక్షలన్నీ ముడుచుకుపోయాయి! ఉండండి మామయ్యా, ఏరి పారేస్తాను."

ద్రాక్షలు కళ్ళు మూసుకున్నాయి.

తాత ఆవిడ చెయ్యి ఆపాడు. చిన్న ద్రాక్షని వేళ్ళతో తీసుకుని చూశాడు. తన చెంప తడుముకున్నాడు. మళ్ళీ ద్రాక్షని చూశాడు.

"ఏరకమ్మా. అచ్చం నా మొహంలాగే ఉంది. నన్ను ఏరి పారేశావా ఏంటి?" అని నోట్లో వేసుకున్నాడు. "అబ్బ, ఎంత తియ్యగా ఉందే!"

పన్ను ఊడలేదు. సలోమమ్మ కళ్ళు తుడుచుకుంది. ఎవరూ అడక్కపోయినా, "పొగ," అంది.

ఇదంతా కిటికీలోంచి గాలి చూసింది. గాలి నోట్లో నువ్వుగింజ నానదు కదా! సాయంత్రానికల్లా ద్రాక్షతోటలన్నిటికీ చెప్పేసింది.

అప్పటినుంచే ద్రాక్ష ఎండేటప్పుడు ఎవరూ అడక్కముందే తన నీళ్ళన్నీ గాలికి ఇచ్చేస్తుంది. ఏరి పారేస్తారన్న భయం లేకుండా ఒళ్ళంతా ముడతలు వేసుకుంటుంది. చీమలు ఆ ముడతల్లో కాళ్ళు పెట్టుకుని హాయిగా ఎక్కుతాయి. ఒక్కటీ జారిపడదు.