తెగని దారం

మూడు నెలలుగా ఫకీరప్పకు ఒకటే దిగులు. తను గుచ్చిన పూసల దండ, తను అల్లిన పద్యం ఒక్కరి మనసుకైనా ఊరటనివ్వాలి. అది తనవల్ల కాకపోతే గుట్ట దిగి వెళ్ళిపోవాలని లోలోపల తీర్మానించుకున్నాడు.

అతని గురువు మస్తానవ్వ. నల్లరాళ్ళ గుట్ట మీద ఉండే ఫకీరు ముసలమ్మ. మనసు చెదిరి వచ్చినవాళ్ళకు ఆమె తాయెత్తులు కట్టేది కాదు. మెడలో ఒక పూసల దండ వేసి, ఆ రంగులకు తగ్గట్టు వాన మీదో, పిట్ట మీదో నాలుగు మాటల పద్యం చెవిలో చెప్పి పంపేది. దండ నూలుదారంతోనే గుచ్చాలన్నది అక్కడి కట్టుబాటు. ఏడాదికో రెండేళ్ళకో అది పుటుక్కున తెగేది. అప్పుడు పూసలు కొంగున కట్టుకుని మళ్ళీ గుట్టెక్కి, అవ్వ పక్కన కూర్చుని గుచ్చుకునేవాళ్ళు.

ఫకీరప్పకు ఇదేమీ నచ్చలేదు. మాటిమాటికీ తెగిపోయేది శాంతి ఎట్లా అవుతుంది? అవ్వకు చెప్పకుండా సంతకు పోయి, వలలు అల్లే నైలాను దారం తెచ్చుకున్నాడు.

ఆ వారమే సుంకమ్మ వస్తోందని కబురొచ్చింది. ఏడేళ్ళ కూతురు జ్వరంతో పోయి నాలుగు నెలలైంది. అప్పటినుంచీ ఆమె నోట మాట లేదు, కంట నీరు లేదు. "ఈసారి నువ్వే చూడరా" అంది అవ్వ.

సుంకమ్మ వచ్చిన పొద్దున మబ్బులు గుట్ట మీదికి దిగి ఉన్నాయి. ఎదురుగా ఉన్న మనిషి కూడా కలలో మనిషిలా మసకగా కనిపిస్తున్నాడు. ఫకీరప్ప నైలాను దారంతో గుచ్చిన దండ ఆమె మెడలో వేసి, చెవిలో పద్యం చెప్పాడు.

"పచ్చని చేలో గాలి పడుకుంది,
తెల్లని కొంగ రెక్క ముడిచింది,
నీలి చెరువు కన్ను మూసింది,
నువ్వూ పడుకో తల్లీ."

సుంకమ్మ కదల్లేదు. అతను మళ్ళీ చెప్పాడు. మూడోసారి చెబుతుంటే అతనికే ఏడుపొచ్చింది. ఆమె మాత్రం రాయిలా చూస్తూ కూర్చుంది.

పక్కన కత్తిపీట ముందు బెండకాయలు తరుగుతున్న అవ్వ చెయ్యి చాపింది. "ఆ దండ ఇట్లా తే."

ఉన్న రెండు పళ్ళతో కొరికింది. తెగలేదు.

"ఓరి నీ పాసుగూలా! ఇదేం దారంరా? ఎద్దును కట్టేసేదానికా?"

దండను కత్తిపీటకేసి ఒక్క లాగు లాగింది. పూసలన్నీ బండ మీద చెల్లాచెదురయ్యాయి.

"అవ్వా!" అని అరిచాడు ఫకీరప్ప.

"నాకు కండ్లు ఆనవు. మీరిద్దరూ ఏరండి" అని అవ్వ మళ్ళీ బెండకాయల్లో పడింది.

అతను మోకాళ్ళ మీద వంగి ఏరసాగాడు. కాసేపటికి సుంకమ్మా వంగింది. ఆ మబ్బులో పూసలు కంటికి కనిపించడం లేదు, వేళ్ళతో తడుముకోవాల్సిందే.

"ఈ పచ్చది... మా పాప పావడా రంగు."

ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది సుంకమ్మ గొంతు. అది వరిచేను రంగని చెప్పబోయి ఫకీరప్ప నోరు మూసుకున్నాడు.

సుంకమ్మ తెల్లపూసను అరచేతిలో పెట్టుకుంది. "దాని పన్ను ఇంతే ఉండె. ఊడితే ఇంటి కప్పు మీద ఎయ్యమ్మా అని ఎంటపడె. పనుంది పోవే అంటి. అంతే, పడుకునింది, మళ్ళ లెయ్యలే." పూసను పిడికిట్లో బిగించుకుని భోరున ఏడ్చింది.

అవ్వ నూలుదారం ఉండను ఆమె వైపు దొర్లించింది. సుంకమ్మ కళ్ళు తుడుచుకుంటూ గుచ్చసాగింది. ఒక్కో పూసకు ఒక్కో మాట చెబుతోంది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా.

ఫకీరప్ప అవ్వ దగ్గరికి జరిగాడు. "అవ్వా, ఇప్పుడు వింటాదేమో. నా పద్యం ఇంకొక్కసారి చెప్పేదా?"

"ఆమె చెప్తా ఉంది గదరా" అంది అవ్వ. "నువ్వు దారం కొస పట్టుకో."