ఇంకో పూత

ఇద్రీసుకు పెద్ద చిక్కొచ్చి పడింది. పట్టడానికి కొత్త నియమం మిగల్లేదు.

కమరుద్దీన్ బాబా దగ్గర శిష్యుడిగా చేరిన రోజున అతనికి ఆయన ఒక్క పనే చెప్పారు, తెల్లవారుజామున కాసేపు అల్లా పేరు తలుచుకోమని. ఇద్రీసు చురుకైనవాడు. ఇటుకల వ్యాపారం, లెక్కల్లో దిట్ట. కాసేపు తలుచుకుంటే ఇంత పుణ్యమైతే గంటసేపు తలుచుకుంటే ఎంతో అక్కడికక్కడే నోటితో గుణించేశాడు. ఆ పైన ఉపవాసాలు కలిపాడు. ఆ పైన మాంసం మానేశాడు. తర్వాత ఉప్పు. ఆఖరికి మానడానికి ఇంకేమీ దొరక్క నవ్వు మానేశాడు.

ఇంట్లో కుండ ఒక్కటే కాబట్టి అతని భార్య సఫూరా కూడా ఉప్పు మానేసింది. జపం గట్టిగా చేస్తేనే ఫలితమని అతని నమ్మకం కాబట్టి నిద్రా మానేసింది. పెరట్లో మేక పాలివ్వడం మానేసింది.

"చూశావా, మేక కూడా భక్తిలో పడింది," అన్నాడు ఇద్రీసు, నవ్వకుండా.

ఇంటి కప్పు సంగతీ అంతే. ఆ ఎడారి ఊళ్ళో ఇళ్ళన్నీ ఒకటే తీరు. ఖర్జూరపు దూలాలు, వాటి మీద రెల్లు చాప, దాని మీద గడ్డి కలిపిన మట్టి. ఎండలకు ఆ మట్టి అప్పడంలా పగులుతుంది. చలికాలం మొదట్లో పడే నాలుగు చినుకులకే ఇల్లు కారుతుంది. అందుకని వానకు ముందే అందరూ పైకెక్కి, పగిలిన పూత గీకిపారేసి, పలచగా కొత్తది వేసుకుంటారు.

ఇద్రీసు మాత్రం గీకడు. "కష్టపడి వేసింది ఎవరైనా గీకుతారా? మందం పెరిగితే చల్లదనం పెరుగుతుంది. ఆమాత్రం లెక్క తెలియకపోతే ఎలా?" అని ఇరుగుపొరుగుకే పాఠం చెప్పేవాడు. ఏటేటా పూత మీద పూత.

ఆ ఏడు దూలం నడుం వంచింది. తలుపు సగమే తెరుచుకునేది. సఫూరా పక్కింటి మురాదు దగ్గర గుడారపు గుంజ అడిగి తెచ్చి, గది మధ్యలో దూలం కింద పోటు పెట్టింది.

"ఏమండీ, కప్పు నెత్తిన పడేలా ఉంది. పైన మట్టి తీయించండి."

"తీయించడమా! ఇంకో పూత వేయిస్తున్నాను. కూలీలకు చెప్పేశాను కూడా. బరువుంటేనే కప్పు కుదురుగా ఉంటుంది."

"అయితే దాని కింద మీరొక్కరే కుదురుగా ఉండండి. ఇవాళ ఆ మట్టి దిగకపోతే నేను మా అన్నయ్య ఇంటికి పోతున్నాను."

అది ఉత్త బెదిరింపు కాదని ఇద్రీసుకు తెలుసు. బట్టల మూట గుమ్మం దగ్గర కట్టే ఉంది. తన సాధన తక్కువై ఇంట్లో శాంతి లేకుండా పోతోందని తేల్చుకుని, సరాసరి బాబా దగ్గరికి పరుగెత్తాడు.

బాబా చెప్పు కుట్టుకుంటున్నారు.

"బాబా, ఇంకొక్క జపం ఇవ్వండి. పెద్దది."

"ఉన్నవి చాలడం లేదా నాయనా?"

"ఎక్కడ చాలుతున్నాయి? సఫూరా పుట్టింటికి పోతానంటోంది."

"దేనికి?"

"కప్పు గురించి."

బాబా దారం కొరికి, చెప్పు కాలికి తొడుక్కున్నారు. "పద, మీ ఇంట్లోనే ఇస్తాను. అమ్మాయి చేతి టీ తాగి చాలా రోజులైంది."

ఇద్రీసు ఇంటి గుమ్మంలో మురాదు తల గోక్కుంటూ నిలబడి ఉన్నాడు. "బాబా, నా గుంజ. ఒంటెలతో బయల్దేరుతున్నాను. అడగాలంటే మొహమాటంగా ఉంది."

"మొహమాటం దేనికి? ఎవరిది వాళ్ళకిచ్చేయాలి," అంటూ బాబా లోపలికి వచ్చారు. "ఇద్రీసూ, దూలం కింద కాస్త భుజం పెట్టు."

ఇద్రీసు పెట్టాడు. బాబా గుంజ లాగి మురాదు చేతికిచ్చేశారు.

దూలం కిర్రుమంది. ఇద్రీసు మెడ తాబేలు మెడలా లోపలికి పోయింది.

"బాబా... గుంజ..."

"ఇచ్చేశాగా." బాబా గోడవారగా చాప మీద కూర్చున్నారు. సఫూరా టీ తెచ్చింది. "ఇక జపం సంగతి. పెద్దది కావాలన్నావు కదూ?"

"తర్వాత బాబా!"

"అదేమిటి, మంచి పని వాయిదా వేస్తారా ఎవరైనా? రోజూ పడుకోబోయే ముందు మోకాళ్ళ మీద కూర్చుని..."

పైన దభీమని తట్టెడు మట్టి పడింది. రెల్లు సందుల్లోంచి దుమ్మంతా వచ్చి ఇద్రీసు నోట్లో పడింది.

"సేఠూ, మట్టి వచ్చేసింది!" పైనుంచి కూలీ కేకేశాడు. "మీ మంచితనానికి చెప్పినదానికన్నా నాలుగు తట్టలు ఎక్కువే పోస్తాం!"

"వద్దు!" ఇద్రీసు దుమ్ము ఉమ్మేస్తూ అరిచాడు. "ఒక్క తట్ట కూడా వద్దు! ఉన్నది తీసేయండి! అంతా తీసేయండి!"

టీ పోస్తున్న సఫూరా చెయ్యి ఆగిపోయింది. పెళ్ళయ్యాక ఆయన నోట తీసేయడమనే మాట వినడం అదే మొదలు.

"మురాదూ, గుంజ ఇంకో పూట ఉంచుతావా?" అన్నారు బాబా.

"ఇది చూశాక వారం ఉంచమన్నా ఉంచుతాను బాబా," అని మురాదు గుంజ తెచ్చి మళ్ళీ పోటు పెట్టాడు.

ఇద్రీసు భుజం తుడుచుకుని, పలుగు పట్టుకుని ఎకాయెకి పైకెక్కాడు. కూలీలను పక్కకు తోసి తనే తవ్వడం మొదలుపెట్టాడు. పొర కింద పొర, దాని కింద ఇంకో పొర. మట్టి పెళ్ళలు వీధిలో గుట్టపడ్డాయి. కింద దూలం ఊపిరి పీల్చుకున్నట్టు మూలిగి కాస్త పైకి లేచింది. తలుపు పూర్తిగా తెరుచుకుంది.

"సేఠూ, ఇక చాలు. రెల్లు కనపడుతోంది," అన్నాడు కూలీ.

"నీకు తెలీదు. ఇంత తీస్తేనే ఇంత హాయిగా ఉంటే, అంతా తీస్తే ఎంత హాయిగా ఉండాలి? లెక్క చూసుకో!" అని ఇద్రీసు ఇంకో పోటు పొడిచాడు.

కింద టీ తాగుతున్న బాబా ముందుకి, కప్పులోంచి మోకాలిదాకా ఒక కాలు దిగింది. బాబా ఆ కాలు వంక చూసి, టీ గ్లాసు కొంచెం పక్కకు జరుపుకున్నారు. తాగడం అయ్యాక నెమ్మదిగా నిచ్చెనెక్కి, శిష్యుణ్ణి చంకల కింద పట్టుకుని పైకి లాగారు.

ఇద్రీసు గీరుకుపోయిన మోకాలు ఊదుకుంటూ కూలబడ్డాడు. కొత్తగా పడ్డ చిల్లులోంచి ఎండ గదిలోకి నిలువునా దిగుతోంది.

"బాబా, వేస్తే కూలబోయింది. తీస్తే కాలు దిగబడింది. అసలు ఎంత ఉంచాలి? ఏదో ఒక కొలత చెప్పండి. బెత్తెడా, జానెడా, మూరా?"

"నన్నడుగుతావేం?" అన్నారు బాబా. "కింద పడుకునేవాళ్ళని అడుగు."

ఇద్రీసు చిల్లులోంచి కిందికి చూశాడు. ఆ ఎండ మధ్యలో సఫూరా నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. జుట్టు నిండా మట్టి.

ఏదో లెక్క అతని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. బోర్లా పడుకుని తల చిల్లులోకి దించాడు.

"చెప్పు," అన్నాడు.

సఫూరా కొంగుతో మొహం తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. బాబా నిచ్చెన దిగి తన దారిన వెళ్ళిపోయారు. కలిపిన మట్టి ఎండిపోతోందని కూలీలు గునుస్తూనే ఉన్నారు. పొద్దు వాలేదాకా ఆ తల పైకి లేవలేదు.