వైరు లేని ఎర్ర నాబు

వాల్తేరు రైల్వే క్వార్టర్లలో పుట్టి, రాక్ అండ్ రోల్ పాటలతో ఊరూరా పేరు తెచ్చుకున్న గ్లాడ్‌స్టన్‌కి ఒక చెడ్డ అలవాటు ఉండేది. ఏ స్టేజీ ఎక్కినా "నా గొంతు నాకు వినబడటం లేదు" అని సణగనిదే ఆయన నోట పాట వచ్చేది కాదు.

గొంతు మాత్రం సామాన్యమైనది కాదు. తండ్రి గూడ్సు బండి గార్డు. తల్లి ఆదివారం చర్చిలో పిల్లలకి కీర్తనలు నేర్పేది. ఆవిడ దగ్గర శ్రుతి నేర్చుకున్నాడు. పక్క క్వార్టర్లో ఆంగ్లో ఇండియన్ డ్రైవరు గారింట్లో గ్రామఫోను విని కాలు కదపడం మరిగాడు. ఇరవై ఏళ్లు వచ్చేసరికి గిటారు మెడలో వేసుకుని, తెలుగులో రాక్ పాటలు కట్టి పాడటం మొదలుపెట్టాడు. "ఇదేం పాటరా, పూనకమా?" అని మొదట్లో అందరూ నవ్వారు. రెండేళ్లు తిరిగేసరికి ఆయన క్యాసెట్టు మోగని ఆటో విశాఖపట్నంలో లేకుండా పోయింది. తర్వాత విజయవాడ, హైదరాబాదు, బెంగళూరు, కలకత్తా. నల్ల చొక్కా, భుజాల దాకా జుట్టు, పాట చివర గంట మోగినట్టు లేచే ఒక పై స్వరం. ఆ ఒక్క స్వరం కోసమే జనం టిక్కెట్లు కొనేవారు.

ఆయన బృందంలో సౌండు చూసే మనిషి పేరు పైడిరాజు. విజయనగరం వాడు. పెళ్లిళ్లకీ అమ్మవారి పండగలకీ మైకు సెట్లు కట్టి కట్టి, చెవులు పదును చేసుకుని ఈ పనిలో చేరాడు. జనం మధ్యలో బల్ల వేసుకుని, మిక్సర్ ముందు కూర్చుని, ఏ వాయిద్యం ఎంత వినబడాలో అతనే చూసేవాడు. పాడేవాడికి తన గొంతు తనకు తెలియాలని కాళ్ల ముందు చిన్న స్పీకరు ఒకటి పెడతారు. దాన్ని మానిటర్ అంటారు. పైడిరాజు ప్రాణం తీసింది ఆ మానిటరే. కాదు, పాపం దానిదేం తప్పు, దాని ముందు నిలబడ్డ మనిషి.

"ఒరే పైడీ, నా గొంతు ఏదిరా?" అనేవాడు గ్లాడ్‌స్టన్.

"వస్తంది కదా అన్నయ్యా. ఇక్కడికి శుభ్రంగా వినబడతంది."

"నీకు వినబడితే ఎవడిక్కావాలి? పెంచు!"

పైడిరాజు పెంచేవాడు. "ఇంకా!" అనేవాడు. ఇంకా పెంచేవాడు. మానిటర్లోంచి వచ్చిన గొంతు మళ్లీ మైకులో దూరి, చెవులు చిల్లులు పడేలా కూత పెట్టేది. ముందు వరుసలో పసిపిల్లలు ఏడుపు అందుకునేవారు. అప్పుడు గ్లాడ్‌స్టన్ ఏమీ ఎరగనట్టు, వేలమంది ముందు మైకులో, "మా సౌండాయన ఇంకా నిద్ర లేవలేదు, క్షమించాలి" అనేవాడు. జనం గొల్లుమనేవారు. పైడిరాజు తల దించుకుని పళ్లు కొరుక్కునేవాడు.

ఒక ఊళ్లో అయితే సర్దుకోవచ్చు. కాకినాడలో అదే గోల, బరంపురంలో అదే గోల. పాట కుదిరితే ఆయన గొప్ప, కుదరకపోతే సౌండు తప్పు. ఒకసారి ఏలూరులో రెండో చరణం మాటలు మర్చిపోయి, అదీ సౌండు తప్పే అన్నాడు. మాటలు మర్చిపోవడానికీ సౌండుకీ సంబంధం ఏమిటో పైడిరాజుకి ఈ జన్మకి అర్థం కాలేదు. గ్లాడ్‌స్టన్ భార్య ఎస్తేరు బృందంలో కీబోర్డు వాయించేది. "ఏవండీ, మీ పక్కనే ఉన్న నాకు వినబడుతోంది, మీకు ఎందుకు వినబడదు?" అని ఆవిడా అడిగి చూసింది. "పాడేవాళ్ల బాధ నీకేం తెలుసు?" అన్నాడాయన.

ఏం చేస్తాడు చెప్పండి పైడిరాజు మాత్రం? ఉద్యోగం వదులుకోలేడు. ఆ పై స్వరం అంటే అతనికీ ప్రాణమే. చివరికి విసిగి వేసారి ఒక ఉపాయం చేశాడు. పాడైపోయిన పాత రేడియోలోంచి పెద్ద ఎర్ర నాబు ఒకటి ఊడదీసి, మిక్సర్ మూల ఖాళీ ఉన్నచోట చిల్లు పెట్టి బిగించాడు. దాని వెనక వైరు లేదు, ఏమీ లేదు. ఎటు తిప్పినా ఉత్తుత్తిదే.

రాజమండ్రిలో కచేరీ. గ్లాడ్‌స్టన్ యథాప్రకారం పాట ఆపి చెవి చూపించాడు. పైడిరాజు చెయ్యి పైకెత్తి, అందరికీ కనబడేలా ఎర్ర నాబు తిప్పాడు.

"ఇప్పుడెలా ఉందన్నయ్యా?"

"ఆఁ! అదీ! ఈ పనేదో మొదటే చేస్తే నీ సొమ్మేం పోయింది?"

పైడిరాజుకి నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఇన్నాళ్లూ ఈయన బాధ గొంతు వినబడక కాదన్నమాట, తన మాట చెల్లిందా లేదా అనేనన్నమాట! ఆ రోజు నుంచి కూతలు లేవు, క్షమాపణలు లేవు. ఆయన సైగ చేసేవాడు, ఇతను నాబు తిప్పేవాడు, ఆయన "సూపర్" అనేవాడు. ఇలా పదిహేడేళ్లు గడిచాయి. మొదట్లో పైడిరాజు నాబు తిప్పుతూ, నిజంగా ఏమైనా తేడా ఉందేమోనని ఒక చెవి అటు వేసేవాడు. రానురాను అదీ మానేశాడు.

అంతలో గ్లాడ్‌స్టన్ గొంతులో చిన్న బుడిపె లేచింది. ఆపరేషన్ చేశారు. పది నెలలు పాట లేదు. ఆయన పని అయిపోయిందని ఊరంతా చెప్పుకున్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. "ఒక్క కచేరీ. నా గొంతు ఉందో పోయిందో అక్కడే తేలుతుంది. పోతే ఇంక జన్మలో మైకు పట్టుకోను" అని ప్రకటించేశాడు. డాక్టరు మాత్రం గట్టిగా హెచ్చరించాడు. "గొంతు బాగానే ఉంది, పాడండి. కానీ బలవంతంగా అరిచారో, నా చేతుల్లో కూడా ఏమీ ఉండదు."

బీచికి దగ్గర్లో ఒక మైదానంలో సాయంత్రం ఆరింటికి కచేరీ పెట్టారు. మధ్యాహ్నం ఖాళీ మైదానంలో అంతా సరిచూసుకున్నారు. గ్లాడ్‌స్టన్ భయం భయంగా పాట ఎత్తుకుని, చివరికి ఆ పై స్వరం అందుకున్నాడు. గంటలా మోగింది. పైడిరాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎస్తేరు కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ తర్వాత అదే మనిషి పదకొండుసార్లు "వినబడటం లేదు" అన్నాడు. పైడిరాజు పదకొండుసార్లు నాబు తిప్పాడు. కన్నీళ్లు వచ్చినంత సేపు పట్టలేదు, చిరాకు రావడానికి.

సాయంత్రం జనం విరగబడ్డారు. పాట మొదలయ్యేలోపు సన్మానం అన్నారు. ఒకరిద్దరు అనుకుంటే పాతికమంది స్టేజీ ఎక్కారు. శాలువా కప్పేవాడొకడు, దండ వేసేవాడొకడు, ఫోటోలో పడటానికి ఎగబడేవాళ్లు మిగతా అందరూ. గ్లాడ్‌స్టన్ ఎక్కడున్నాడో కూడా కనబడలేదు. ఆ తొక్కిసలాటలో ఎవరి కాలికో తగిలి మానిటర్ వైరు ఊడిపోయింది. ఎవరూ గమనించలేదు. దూరంగా బల్ల దగ్గర కూర్చున్న పైడిరాజుకి కనబడే అవకాశమే లేదు.

పాట మొదలైంది. రెండు లైన్లు కాకుండానే గ్లాడ్‌స్టన్ చెవి చూపించాడు.

"మొదలైందమ్మా మళ్లీ సణుగుడు" అని గొణుక్కుంటూ పైడిరాజు నాబు తిప్పాడు.

గ్లాడ్‌స్టన్ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ సైగ చేశాడు. పైడిరాజు మళ్లీ తిప్పాడు. పాట అయ్యాక ఆయన స్టేజీ అంచుదాకా వచ్చి, మైకులోనే, "పైడీ, నిజంగా వినబడటం లేదురా" అన్నాడు.

'నిజంగా' అన్న మాట ఆయన రోజూ వాడేదే. పైడిరాజు బల్ల మీంచి లేచి, చెయ్యి బాగా పైకెత్తి, నాబు చివరిదాకా తిప్పి చూపించాడు. జనం నవ్వారు. గ్లాడ్‌స్టన్ నవ్వలేదు. వెనక్కి వెళ్లి రెండో పాట ఎత్తుకున్నాడు.

డ్రమ్ముల హోరులో తన గొంతు తనకు తెలియక తడుముకున్నాడు. శ్రుతి జారింది. వినబడాలని గట్టిగా పాడాడు. అయినా వినబడకపోతే అరిచాడు. పైడిరాజు నాబు వదిలేసి తల పట్టుకున్నాడు. "అయ్యో, అందరూ అన్నదే నిజమైంది, గొంతు పోయింది" అనుకున్నాడు. ఇన్నేళ్లు ఆయన గొంతు కాచినవాడికి, మధ్యాహ్నం మోగిన గొంతు సాయంత్రానికి ఎలా పోతుందన్న ఆలోచన రాలేదు. లేచి నాలుగడుగులు వేసి స్టేజీ దగ్గరకు వెళ్లి చూడాలనీ తోచలేదు. నాలుగో పాటలో పై స్వరం దగ్గర గ్లాడ్‌స్టన్ గొంతు చిరిగినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. తర్వాత నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

ఎస్తేరు కీబోర్డు మీద ఏదో వాయించి సర్దబోయింది. జనం ఒక్కొక్కరే లేచారు. "పాపం, అయిపోయాడు" అనుకుంటూ వెళ్లిపోయారు.

వైర్లు చుట్టడానికి పైడిరాజు స్టేజీ ఎక్కాడు. నలిగిన బంతిపూల దండల కింద మానిటర్ వైరు కొస ఊడి పడి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని స్టేజీ వెనక్కి నడిచాడు.

స్టేజీ వెనక పరదాల గదిలో గ్లాడ్‌స్టన్ వేడినీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. మాట రాక, నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసి చూపించాడు. "గొంతు పోయిందిరా. నీ తప్పేం లేదు. ఇంక పాడను."

నీ తప్పేం లేదు! జీవితంలో మొదటిసారి ఆ మాట అన్నాడు, అదీ ఇవాళే. ఊరుకుంటే పైడిరాజు బతికిపోయేవాడు. ఊరుకోలేకపోయాడు.

"గొంతు పోలేదన్నయ్యా. మీ మానిటర్ వైరు ఊడిపోయింది. మీకు వినబడక అరిచారు, అంతే."

"చెప్పాను కదా. నువ్వు నాబు కూడా తిప్పావు, చూశాను" అని రాశాడు గ్లాడ్‌స్టన్.

"ఆ నాబుకి వైరు లేదన్నయ్యా. ఎప్పుడూ లేదు. పదిహేడేళ్ల నుంచీ మిమ్మల్ని ఊరుకోబెట్టడానికి తిప్పుతున్నాను. ఇవాళ కూడా అదే అనుకున్నాను."

ఎస్తేరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గ్లాడ్‌స్టన్ ముఖం ఎర్రబడింది. పుస్తకం విసిరి కొట్టాడు. పైడిరాజు వెళ్లి తెచ్చి మళ్లీ చేతిలో పెట్టాడు. తిట్టాలన్నా అదే కావాలి మరి. ఒక పేజీ నిండా తిట్లు రాశాడు. పెన్సిలు మొన విరిగింది. ఎస్తేరు ఇంకొకటి ఇచ్చింది. దాంతో ఇంకో తిట్టు మొదలుపెట్టి కొట్టేశాడు. తర్వాత మెల్లగా ఒకే ఒక్క ప్రశ్న రాశాడు.

"మరి ప్రతిసారీ 'ఇప్పుడు బాగుంది' అన్నది ఎవరు?"

"మీరే అన్నయ్యా" అన్నాడు పైడిరాజు.

గ్లాడ్‌స్టన్ పుస్తకం మూసేశాడు.

ఆరు నెలలు మౌనం పట్టాక డాక్టరు మళ్లీ పాడమన్నాడు. గొంతు వచ్చింది. పై స్వరం రాలేదు, ఇంక రాదన్నారు. అయినా గ్లాడ్‌స్టన్ పాట మానలేదు, పైడిరాజునీ మాన్పించలేదు. అనకాపల్లిలో ఒక చిన్న హాల్లో, మూడువందల మంది ముందు మళ్లీ స్టేజీ ఎక్కాడు. ఒక పాట అయ్యాక, "పైడీ, కాస్త తక్కువగా ఉన్నట్టుంది" అన్నాడు. పైడిరాజు బల్ల వదిలి, నడిచి వెళ్లి, స్టేజీ మీద మోకాళ్ల మీద కూర్చుని మానిటర్‌కి చెవి ఆనించాడు.

"లేదన్నయ్యా, సరిపోయింది. ఇంక పెంచితే కూత పెడతది."

"అలాగా" అన్నాడు గ్లాడ్‌స్టన్. ఇంకో మాట లేకుండా పాట అందుకున్నాడు. చివర పై స్వరం చోటు వచ్చేసరికి ఆయన నోరు మూసుకుని నిలబడ్డాడు. ఆ స్వరాన్ని ఎస్తేరు కీబోర్డు మీద వాయించింది. బల్ల దగ్గరికి తిరిగొచ్చిన పైడిరాజు తల ఎత్తి స్టేజీ వైపు చూడలేకపోయాడు.

పిల్లలూ, పెద్దలూ, ఇది గుర్తుంచుకోండి: ఊరికే సణిగే మనిషికి నిజంగా కష్టం వచ్చిన రోజున నమ్మేవాళ్లు ఉండరు, ఆ సణుగుడు పడలేక అబద్ధంతో ఊరుకోబెట్టే మనిషికి నిజం ఎదురుగా వచ్చి అరిచినా వినబడదు.