ఇప్పలకోనలో గూటి కబురు

ఇప్పలకోన అనే అడవిలో కుందేళ్లు, కౌజుపిట్టలు, ముంగిసలు, ఉడుములు, ఉడుతలు ఉండేవి. కోన మధ్యలో ఒక సెలయేరు పారేది. ఏటికి అవతల గట్టున కోనకంతటికీ ఎత్తైన నల్లమద్ది చెట్టు ఉంది. ఇవతల గట్టున ఇప్పచెట్ల మైదానం. చైత్రమాసం వస్తే ఆ మైదానం నిండా ఇప్పపూలు రాలేవి. తియ్యటి ఆ పూలకోసం కోనలోని జీవులన్నీ ఏడాది పొడవునా ఎదురుచూసేవి.

ఒక ఏడు కార్తీకంలో రెండు గద్దలు వచ్చి ఆ మద్దిచెట్టు మీద గూడు కట్టడం మొదలుపెట్టాయి. అవి కోడిపిల్లల్ని ఎత్తుకుపోయే మామూలు గద్దలు కావు. కొండల మీద తిరిగే పెద్ద గద్దలు. ఎండుకొమ్మల్ని గోళ్లతో విరిచి తెచ్చి పేర్చాయి. వాటి మీద పచ్చి ఆకులు పరిచాయి. గూడు పూర్తయ్యేసరికి కోనలో రెండు కౌజుపిట్టలు, ఒక ముంగిస కనబడకుండా పోయాయి.

ఆ రోజు నుంచి గరిక అనే కుందేలుకు కంటిమీద కునుకు లేదు. అది అసలే పిరికిది. ఎండుటాకు రాలినా ఎగిరిపడేది. ఇరుగుపొరుగు దాన్ని చూసి నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు, నాకు ప్రాణం తీపి అనుకునేది గరిక. ఇప్పుడు అందరికీ ప్రాణం తీపి అని తెలిసొచ్చింది. ఎవరూ పొద దాటడం లేదు. పచ్చగడ్డి ఎదురుగా ఉన్నా కడుపులు మాడుతున్నాయి.

అప్పుడు రాగన్న ముందుకొచ్చాడు. రాగన్న ఒక బెట్టుడుత. మామూలు ఉడుతలు నాలుగు కలిస్తే ఎంతో అంత ఉంటాడు. రాగిరంగు ఒళ్లు, ఒంటికంటే పొడవైన తోక. మద్దిచెట్టుకు ఎదురుగా ఉన్న నేరేడు చెట్టు చిటారుకొమ్మల్లో అతని కాపురం.

"నా ఇంట్లోంచి గద్దగూడు అడుగుతో సహా కనబడుతుంది. రోజూ పొద్దున్నే చూసి చెబుతాను. గద్దలు రెండూ గూట్లో ఉంటే మేతకు వెళ్లండి. ఒక్కటి కనబడకపోయినా పొదలు దాటకండి" అన్నాడు రాగన్న.

ఆ మాట అందరికీ నచ్చింది. మర్నాటి నుంచి తెల్లవారగానే జంతువులన్నీ నేరేడు చెట్టు కింద చేరేవి. రాగన్న గూటి కబురు చెప్పేవాడు. దాన్ని బట్టి మేతకు వెళ్లేవి, లేదంటే పొదల్లో ఉండిపోయేవి. మార్గశిరమంతా ఒక్క ప్రాణమూ పోలేదు. అందరూ రాగన్నను నెత్తిన పెట్టుకున్నారు. మంచి పండు దొరికితే ముందు అతనికే తెచ్చిచ్చేవాళ్లు.

పొగడ్త ఎవరికి చేదు? రాగన్నకు రానురాను కబురు చెప్పడం కంటే బతిమాలించుకోవడం ఎక్కువ ఇష్టమైంది. కింద అందరూ చేరాక కూడా కాసేపు మీసాలు దువ్వుకుంటూ కూర్చునేవాడు. ఇద్దరు ముగ్గురు బతిమాలాక గొంతు సవరించుకునేవాడు. గరిక మాత్రం చెట్టు మొదట్లో, వేళ్ల సందున దూరి, ఒళ్లంతా చెవులు చేసుకుని వినేది.

పుష్యంలో గూట్లో రెండు గుడ్లు ఉన్నాయన్నాడు రాగన్న. మాఘంలో అవి పిల్లలయ్యాయన్నాడు. తెల్లటి నూగుతో, తూలుతూ ఉన్నాయట. ఆ రోజు నుంచి గూటి కబురు వినడం ఒక సరదా అయిపోయింది. పిల్లలు ఎంత పెరిగాయి, ఏం తిన్నాయి, ఎలా అరిచాయి అని అందరూ అడిగేవాళ్లు. నాలుగు రోజుల తర్వాత పెద్దపిల్ల చిన్నపిల్లను పొడిచి పొడిచి చంపేసిందని చెబితే కౌజుపిట్టలు కళ్లొత్తుకున్నాయి కూడా.

గరికకు ఏడుపు రాలేదు. దానికి భయం పట్టుకుంది. తన పిల్లల్లో ఒకటి ఇంకోదాన్ని చంపుతుంటే ఆ తల్లి కదలకుండా చూస్తూ కూర్చుందట. కన్నబిడ్డ మీదే జాలి లేనిది మన పిల్లల్ని ఏం చేస్తుంది అని గరిక ఆలోచించింది. ఆ ఆలోచన దాన్ని వదల్లేదు, ఎందుకంటే అప్పటికే దానికి ఇద్దరు పిల్లలు పుట్టారు.

ఫాల్గుణం వచ్చింది. ఒక రోజు ఇంకా మసకచీకటి ఉండగానే గరిక పిల్లలిద్దర్నీ గడ్డిదుబ్బులో పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి, కబురు వినడానికి వచ్చింది. రాగన్న మంచి ఊపు మీద ఉన్నాడు.

"ఈవేళ మగగద్ద చీకటి విడవక ముందే వేట తెచ్చింది. చిన్నదే. బూడిదరంగు బొచ్చు, పొడవాటి చెవులు..." అని ఆగిపోయాడు. కింద అందరూ గరిక వైపు తిరిగారు.

గరిక పరుగెత్తింది. పొదలు చూసుకోలేదు, ఆకాశం చూసుకోలేదు. గడ్డిదుబ్బు దగ్గరకు వచ్చేసరికి అక్కడ ఒక్క పిల్లే ఉంది. వాడి పేరు తూనీగ. ఒక్కచోట నిలవకుండా ఎగురుతుంటాడని అలా పిలిచేది. ఇప్పుడు వాడు నేలకు అతుక్కుపోయి, కళ్లు తెరిచే పడుకుని ఉన్నాడు. గరిక పక్కన పడుకుని వాణ్ణి నాకుతూ ఉండిపోయింది.

అందరూ వచ్చి ఓదార్చారు. రాగన్న కూడా వచ్చి, తెల్లవారేదాకా పిల్లల్ని వదిలి రాకుండా ఉండాల్సింది అన్నాడు. అప్పుడు గరికకు ఒక సంగతి అర్థమైంది. రాగన్న చెప్పేది జరిగిపోయిన కబురు. జరగబోయేది అతనికీ తెలియదు.

ఆ తర్వాత గరిక నేరేడు చెట్టు కిందికి వెళ్లడం మానేసింది. గూటి వైపు చూడటమూ మానేసింది. మేస్తూ మేస్తూ ఆకాశం చూసేది. నేల మీద నీడలు చూసేది. గోరింకలు ఉన్నట్టుండి నోరు మూస్తే తనూ ఆగిపోయేది. ఇంకొకటి కూడా గమనించింది. పుష్యంలో గద్ద రెండు రోజులకోసారి వేటాడేది. మాఘంలో రోజూ వేటాడింది. ఫాల్గుణంలో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. గూట్లో పిల్ల ఆకలి పెరుగుతూనే ఉంది.

చైత్రం వచ్చింది. కోనంతా ఇప్పపూల వాసన నిండింది. ఆ మైదానం గద్దగూటికి ఎదురుగా ఉంది కాబట్టి ఎవరికీ అటు వెళ్లే ధైర్యం లేదు. పూలు రాలి వాడిపోతుంటే అందరికీ నోట్లో నీళ్లూరుతున్నాయి. అలాంటి సమయంలో ఒక పొద్దున రాగన్న కోనంతా వినబడేలా కేక వేశాడు. గద్దపిల్ల ఎగిరిపోయిందట. ఐదు రోజులుగా తల్లీ తండ్రీ కూడా గూటి మొహం చూడలేదట. గూడు ఖాళీ అట.

కోనలో పండగ మొదలైంది. ముంగిసలు గంతులేశాయి. అందరూ మైదానానికి బయలుదేరుతుంటే గరిక తూనీగను వెనక దాచుకుని దారికి అడ్డం నిలబడింది.

"రాగన్నా, ఒక్క గద్ద కనబడకపోయినా పొదలు దాటొద్దని చెప్పింది నువ్వే కదా. ఇప్పుడు మూడూ కనబడటం లేదు. మరి ఎలా వెళ్లమంటున్నావు?"

రాగన్న నవ్వాడు. "పక్షి గూడు కట్టేది పిల్లకోసం. పిల్ల ఎగిరింది, పని అయిపోయింది, వాటి కొండలకు అవి వెళ్లిపోయాయి. ఆరు నెలలు రెప్పవేయకుండా చూసినవాణ్ణి నేను. నువ్వు చూసిందేమిటి గరికా, నీ పొద అడుగు తప్ప?"

"ఆ పిల్ల గూడు వదిలింది గానీ తిండి మానలేదు కదా. అది ఎక్కడ తింటోంది?" అంది గరిక.

అందరూ నవ్వేశారు కాబట్టి రాగన్నకు జవాబు చెప్పే అవసరం పడలేదు. ఒకరి వెనక ఒకరు గరికను దాటుకుని వెళ్లిపోయారు.

మూడు రోజులు గడిచాయి. ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ పొట్టలు పగిలేలా ఇప్పపూలు తిని వచ్చేవాళ్లు. రాగన్న కూడా చెట్టు దిగి, మైదానంలో ఒక బండ మీద పెద్దమనిషిలా కూర్చునేవాడు. కౌజక్క అనే పొరుగు పిట్ట గరికను చూసి, "నీ భయం నువ్వు పడు తల్లీ, పిల్లాడి కడుపు ఎందుకు మాడుస్తావు?" అని అడిగింది. ఆ మాటకు గరిక మనసు చివుక్కుమంది. నిజంగానే తనది వట్టి పిరికితనమేమో అనుకుంది. తోటిపిల్లల మూతుల దగ్గర తియ్యటి వాసన చూసి తూనీగ మొహం చిన్నబుచ్చుకుంటుంటే చూడలేకపోయింది. అయినా వాణ్ణి తాము ఉంటున్న రేగుపొద దాటనివ్వలేదు.

నాలుగో రోజు గరిక నీళ్లు తాగి వచ్చేసరికి పొదలో తూనీగ లేడు.

దాని పై ప్రాణాలు పైనే పోయాయి. పొద నుంచి పొదకు పరుగెత్తి మైదానం అంచుకు చేరింది. తూనీగ సరిగ్గా మైదానం మధ్యలో ఉన్నాడు. బుగ్గల నిండా పూలు కుక్కుకుని నములుతున్నాడు. చుట్టూ అందరూ తలలు వంచుకుని తింటున్నారు. తల పైకెత్తిన జీవి ఒక్కటీ లేదు.

అప్పటిదాకా గోల చేస్తున్న గోరింకలు నోరు మూశాయి.

గరిక నేల వైపు చూసింది. గడ్డి మీద ఒక నీడ జారిపోయింది. దాని వెనకే రెండోది. కాస్త తూలుతున్నట్టు మూడోది.

గరిక వెనక కాళ్లతో నేలను దబదబా బాదింది. కుందేళ్లు అపాయం తెలిపే పద్ధతి అదే. అందరూ తలలెత్తారు. ఎత్తి, ఆరు నెలల అలవాటు కొద్దీ రాగన్న వైపు చూశారు. రాగన్న ఆరు నెలల అలవాటు కొద్దీ మద్దిచెట్టు వైపు చూశాడు.

"గూడు ఖాళీగానే ఉంది. భయపడకండి" అన్నాడు.

గద్దలు అతని వెనకనుంచి, సూర్యుడి వైపు నుంచి వచ్చాయి.

మగగద్ద మైదానం మీద కిందుగా ఎగిరి అందర్నీ చెదరగొట్టింది. ఎవరు ఎటు పోతున్నారో ఎవరికీ తెలియలేదు. తూనీగ మాత్రం కదల్లేదు, నోట్లో పూలతో అలాగే బిగుసుకుపోయాడు. ఆ చైత్రంలో మైదానంలో అడుగే పెట్టని గరిక ఎండలోకి దూకింది. అంత భయం దానికి పుట్టాక ఎప్పుడూ వేయలేదు. ఆ భయంతోనే పరుగెత్తింది. తూనీగను తలతో గుద్ది, పడిపోయిన ఇప్పమాను కిందికి దొర్లించి, తనూ దూరింది. పిల్లగద్ద గోళ్లు దాని వీపు మీద పిడికెడు బొచ్చు ఊడబెరుక్కుపోయాయి. కొత్త వేటగత్తె కాబట్టి గురి తప్పింది.

తల్లిగద్ద గురి తప్పలేదు. మాను సందులోంచి గరిక చూసింది. దాని గోళ్ల కింద రాగిరంగు తోక ఒకటి వేలాడుతూ పైకి పోయింది. మూడు గద్దలూ మద్దిచెట్టు దగ్గర ఆగనైనా ఆగలేదు. కొండ అవతలికి వెళ్లిపోయాయి. గూడు అప్పుడూ ఖాళీగానే ఉంది.

గరిక, తూనీగ పొద్దు వాలేదాకా ఆ మాను కిందే ఉన్నారు.

రెండు రోజుల తర్వాత మిగిలినవాళ్లంతా గరిక పొద దగ్గరకు వచ్చారు. కౌజక్క కళ్లెత్తి చూడలేకపోయింది. ఇక నుంచి నువ్వే మాకు కాపలా ఉండి కబురు చెప్పాలని అందరూ అడిగారు. గరిక ఒప్పుకోలేదు.

"ఒకరు చూస్తే మిగతావాళ్లు చూడటం మానేస్తారు. మనం చేసిన తప్పు అదే. ఎవరి తల వాళ్లే ఎత్తండి. రెండు కొరుకులు తిని ఒకసారి ఎత్తండి. మేత తక్కువైనా ఫర్వాలేదు" అంది.

అలాగే చేశారు. ఇప్పపూలను మైదానంలో తినకుండా, నోట కరుచుకుని పొదల్లోకి తెచ్చుకుని తినేవాళ్లు. గద్దలు ఇంకా నాలుగైదుసార్లు వచ్చాయి, ఉత్త గోళ్లతో తిరిగిపోయాయి. ఆషాఢంలో వానలు పట్టాయి. గరికకు మళ్లీ ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గురూ దక్కారు.

ఒక రోజు వాన వెలిశాక తూనీగ తల్లి పక్కన మేస్తూ ఆకాశం వైపు చూశాడు. ఎక్కడా మచ్చ కూడా లేదు. చాలా రోజులుగా లేదు.

"అమ్మా, గద్దలు వెళ్లిపోయాయా?" అని అడిగాడు.

"కనబడటం లేదు" అంది గరిక.

"అంటే వెళ్లిపోయినట్టే కదా?"

"కనబడటం లేదు, అంతే" అంది గరిక. రెండు కొరుకులు తిని తల పైకెత్తింది.

నీతి: అపాయం కళ్లముందు ఉన్నప్పటి కంటే, కనబడకుండా పోయినప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.